లంకలో ఏ తీరం? ఏ నెలలో?

సముద్రం చూడటానికి విదేశం వెళ్ళటమేమిటని అడిగేవారు మనలో చాలామందే ఉన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. ఇచ్ఛాపురం మొదలు తడ వరకు వెయ్యి కిలోమీటర్ల తీరం మన ముంగిట్లోనే ఉన్నది. భీమిలి ఉన్నది, సూర్యలంక ఉన్నది, మైపాడు ఉన్నది. ఇక ఎండ సంగతి చెప్పనే అక్కరలేదు. చలిదేశాల వాళ్ళు వేలకు వేలు పోసి కొనుక్కునే ఎండ మనకు రెంటచింతలలో ఊరికే దొరుకుతుంది, అదీ వద్దన్నా వినకుండా! అయినా మధ్యతరగతి ఇళ్ళలో ఈ ముచ్చట ఇప్పుడు మామూలైపోయింది. అబ్బాయికో అమ్మాయికో ఉద్యోగం రావటం, ఇంటిల్లిపాదికీ పాస్‌పోర్టులు సిద్ధం కావటం, 'ఈ వేసవికి ఎక్కడికైనా సముద్రపు ఒడ్డుకు పోదాం, కాస్త కొండలూ అడవులూ కూడా చూసి వద్దాం' అనుకోవటం. అనుకోవటంలో తప్పేమీ లేదు. చిక్కంతా ఎన్నుకోవటంలో ఉన్నది.

మనం ఎన్నుకునేది బొమ్మను చూసి. ఫోనులో చూసినా, ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన రంగుల పుస్తకంలో చూసినా ప్రపంచంలోని బీచిలన్నీ అక్కచెల్లెళ్ళలాగానే ఉంటాయి. నీలాల నీరు, దాని మీదికి ఒరిగిన ఒక కొబ్బరిచెట్టు, దాని కింద ఎవరూ కూర్చోని ఒక కుర్చీ. ఆ బొమ్మ ఏ నెలలో తీసినదో దాని మీద ఎక్కడా వేయరు. కాని అసలు సంగతంతా ఆ నెలలోనే ఉన్నది. బొమ్మలో అద్దంలా పరుచుకున్న నీరే మరి నాలుగు నెలలకు మనిషిని దరి చేరనీయకుండా గర్జిస్తూ ఉంటుంది. సంవత్సరమంతా కూడబెట్టిన డబ్బు, మోకాళ్ళ నొప్పుల అమ్మ, ఈత రాని పిల్లలు - ఇందరిని వెంటపెట్టుకుని వెళ్ళేవాడు ముందుగా కనుక్కోవలసింది హోటలుకు ఎన్ని నక్షత్రాలని కాదు, ఆ నెలలో అక్కడ గాలి ఎటునుంచి వీస్తుందని.

ఈ సూత్రం మనవాళ్ళు వెళ్ళే చోట్లన్నిటికీ వర్తిస్తుంది. థాయిలాండులో ఫుకెట్ దీవి అండమాను సముద్రం వైపున ఉన్నది. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానకాలం. అదే దేశంలో అవతలి వైపున, సింధుశాఖలో ఉన్న సముయి దీవికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో. మాల్దీవులకు మంచి రోజులు డిసెంబరు నుంచి ఏప్రిలు వరకు. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉండటం వల్ల ఏప్రిలు నుంచి అక్టోబరు దాకా పొడిగా ఉంటుంది, కనుక మన బడిసెలవులకు బాగానే కుదురుతుంది. కాని దూరం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. అందుచేత వీటినన్నిటినీ ఇంతటితో వదిలి, చెన్నై నుంచి గంటన్నరలోపు విమానంలో చేరగల శ్రీలంక సంగతి మాత్రమే ఇక్కడ ముచ్చటిస్తాను. గడియారం ముల్లు కూడా తిప్పుకోనక్కరలేని విదేశం అది.

లంక వైశాల్యం సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో సగమైనా లేదు. ఇంత చిన్న దీవిలో ఏ మూల చూసినా వాతావరణం ఒకటే ఉండాలి కదా అనుకుంటాం. అలా కాదు. దీవి నడుమ, కాస్త దక్షిణంగా కొండల గుంపు ఒకటి లేచి నిలబడ్డది. అందులో ఎత్తయిన పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు. ఈ కొండలే దేశాన్ని వాతావరణంలో రెండు దేశాలుగా విడదీశాయి. మే మొదలు సెప్టెంబరు వరకు నైరుతి గాలి హిందూ మహాసముద్రం మీదుగా వచ్చి కొలంబో, గాలే వైపు తీరాన్ని మోదుతుంది. వానంతా ఆ పక్కనే కురిసి, కొండలు దాటేసరికి గాలి వట్టిపోతుంది. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఈశాన్యపు గాలి బంగాళాఖాతం మీదుగా వచ్చి తూర్పు తీరాన్ని తడుపుతుంది; అప్పుడు పడమర హాయిగా ఉంటుంది. జూలైలో మంగుళూరు వాన నీటిలో నానుతూ ఉంటే అనంతపురం రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవటం మనకు తెలిసిన కథే కదా. అదే కథను దేవుడు లంకలో చిన్న అచ్చులో మళ్ళీ వేశాడన్నమాట.

దీని సారాంశం మన బడిసెలవులకు అన్వయించి చెబితే ఇలా తేలుతుంది: ఏప్రిలు చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు దొరికేవారు తూర్పు తీరానికి పోవాలి. సంక్రాంతికి వెళ్ళేవారు పడమర, దక్షిణ తీరాలకు పోవాలి. దసరా సెలవులవారికి మాత్రం రెండు వైపులా మధ్యాహ్నపు ఉరుములూ వానలూ తప్పవు. పైగా అది తుపానులు మొదలయ్యే కాలం.

నా మాట మీద నమ్మకం లేకపోతే జాలరులను చూడండి. నెగొంబో మొదలైన పడమటి ఊళ్ళ జాలరులలో చాలామంది నైరుతి గాలి లేచేవేళకు వలలూ తెప్పలూ సర్దుకుని కుటుంబాలతో సహా తూర్పు తీరానికి వలసపోతారు. అక్కడ ఇసుకలో తాటాకు పాకలు వేసుకుని నాలుగైదు నెలలు వేట సాగించి, గాలి తిరగగానే ఇంటిముఖం పడతారు. ఇది తరతరాల ఆచారం. సముద్రం మీద బతికేవాడు ఏ నెలలో ఏ ఒడ్డుకు పోతున్నాడో చూసి మనమూ అటే పోవటం కంటె మంచి సలహా ఏ పుస్తకంలోనూ దొరకదు.

అయితే ఒక ప్రలోభం ఉన్నది. గాలి మళ్ళిన తీరంలో హోటళ్ళు సగం ధరకే గదులిస్తాయి. మా పొరుగు కుటుంబం ఒకటి జూన్ నెలలో అలాగే సగం ధరకు మురిసి, పడమటి తీరంలో పేరున్న బీచి ఒకదానికి వెళ్ళి వచ్చింది. గది దివ్యంగా ఉన్నదట. కిటికీ తెరిస్తే ఎదుట సముద్రమేనట. ఆ సముద్రం ఒడ్డున మూడు రోజులూ ఎర్ర జెండా ఎగురుతూనే ఉన్నదట. పిల్లలు హోటలు కొలనులోనే తేలారు. "దీనికి ఇంత దూరం పోవాలా అండీ, మన కాలనీలోనే ఉన్నది కదా స్విమ్మింగ్ పూల్?" అని ఆ ఇంటి ఇల్లాలు మా ఆవిడతో అన్నారు. సగం ధర మిగిలినట్లా, పూర్తి ధర పోయినట్లా?

ఎర్ర జెండా అన్నాను కనుక ఇంకొక మాట. మన సముద్రస్నానం వేరు, తెల్లవారి సముద్రస్నానం వేరు. వాళ్ళు ఈత నేర్చి వస్తారు, అలల మీద పలకలెక్కి జారతారు. మనం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, పిల్లల రెక్క గట్టిగా పుచ్చుకుని మొదటి అల దగ్గర నిలబడతాం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కాని ఈ మొదటి అల దగ్గరే ప్రాణాలు పోతూ ఉంటాయి. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఇటువంటి వార్తలు మనం తరచు చదువుతూనే ఉన్నాం. కెరటాలు ఒడ్డు మీదికి తెచ్చి పోసిన నీరు తిరిగి లోపలికి పోవటానికి సన్నని దారి ఒకటి చేసుకుంటుంది. చుట్టూ అలలు తెల్లగా విరిగి నురుగులు కక్కుతూ ఉంటే ఆ దారిలో మాత్రం నీరు నున్నగా, నెమ్మదిగా కనిపిస్తుంది. తెలియనివాడు అక్కడ నెమ్మదిగా ఉన్నదని సరిగ్గా అక్కడే దిగుతాడు. కాలికింద ఇసుక జారుతుంది, నీరు లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురీదితే ఎంతటివాడైనా అలసిపోతాడు. ఈత వచ్చినవాడు ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ దారిలోంచి బయటపడాలి. రానివాడు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. అంచేత మన కుటుంబాలు బీచిని ఎన్నుకునేటప్పుడు అందం తరువాత చూసుకోవచ్చు. ముందు ఒడ్డు వాలు ఎలా ఉన్నది, ఎదుట పగడపు దిబ్బ ఏదైనా అలల పొగరు అణుస్తున్నదా, కాపలావాళ్ళు ఉన్నారా అని విచారించాలి.

ఆ లెక్కన చూస్తే తూర్పు తీరంలో మనకోసమే చేసిపెట్టినట్లున్న చోటు పాసికుడా. మట్టక్కళప్పుకు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మట్టక్కళప్పునే ఇంగ్లీషులో బట్టికలోవా అంటారు. పాసి అంటే తమిళంలో నీటి పాచి; మన పాచే. కుడా అంటే సముద్రం చొచ్చుకు వచ్చిన వంపు. ఈ వంపులో నీళ్ళ లోతు ఎంత తక్కువంటే, నడుము దాటకుండానే చాలా దూరం సముద్రంలోకి నడిచిపోవచ్చు. అలలు చెరువులో లేచినంతే లేస్తాయి. పిల్లలకూ, నీరంటే భయపడే పెద్దలకూ ఇంతకంటె మంచి సముద్రం నేను చూడలేదు. కాని నిజం చెప్పాలంటే రెండు రోజులకు మించి అక్కడ తోచదు. ఊరు లేదు, అంగడి లేదు, వరుసగా పెద్ద హోటళ్ళు మాత్రం ఉన్నాయి. పోతే, దక్షిణంగా ఉన్న ఆరుగం బే అనే చోటు అలల మీద పలకలెక్కేవారి పుణ్యక్షేత్రం. దేశదేశాల కుర్రకారు మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడే కాపురం. మీ ఇంట్లో అటువంటి కుర్రవాడు ఉంటే వాణ్ణి అక్కడ వదిలి, మీరు పాసికుడాలో ఉండటం ఉభయతారకం.

ఆ దారిలోనే అక్కరైపట్టు దగ్గర అళిక్కంబై అనే పల్లె ఒకటున్నది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక ఈ ఒక్క పక్కచూపూ మన్నించండి. సింహళంలో అహికుంటకులనీ, తమిళంలో కురవరులనీ పిలిచే సంచారజాతి వారు అక్కడ స్థిరపడ్డారు. పాములాడించటం, కోతులాడించటం, జోస్యం చెప్పటం వారి కులవృత్తులు. తరాల కిందట ఏ దారిన వచ్చారో గాని, వాళ్ళ ఇంటి భాష తెలుగు. మన తెలుగుకూ దానికీ ఉచ్చారణలో దూరం పెరిగింది. చుట్టూ ఉన్న తమిళ సింహళాలు అందులోకి వచ్చి చేరాయి. అయినా వినగా వినగా నీళ్ళూ నిప్పూ పట్టుబడతాయి.

మొత్తం మీద వేసవిలో వెళ్ళే కుటుంబానికి నా ఓటు ట్రింకోమలీకే. తమిళులు తిరుకోణమలై అంటారు. 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధంలో ఈ తీరమంతా యాత్రికులకు మూతపడ్డట్లే అయింది. అందుకే పడమటి తీరంలో ఉన్నంత కట్టడాల రద్దీ ఇంకా ఇక్కడ లేదు. ఊరికి ఉత్తరంగా అయిదారు కిలోమీటర్లలో ఉప్పువెళి, మరి పదికి నిలావెళి. రెండింటిలోనూ తెల్లని ఇసుక, మే నెలలో మెత్తని అలలు. ఉప్పువెళి ఊరికి దగ్గర, భోజనానికీ దుకాణాలకూ వీలు. నిలావెళి విశాలం, నిశ్శబ్దం. కాని ఎండ మాత్రం సాక్షాత్తు మన ఎండే. 35 డిగ్రీల దాకా పోతుంది. కొండలు దాటి వచ్చే వడగాలిని అక్కడివారు కచ్చాన్ అంటారు. అది వీచే మధ్యాహ్నాలు బయట తిరగరాదు. ఉదయం తొమ్మిదిలోపు ఒకసారి, సాయంత్రం నాలుగు దాటాక ఒకసారి సముద్రానికి వెళ్ళి, నడుమ గదిలో పడుకోవటమే అక్కడి దినచర్య.

నిలావెళికి ఎదురుగా ఒక కిలోమీటరు దూరంలో పావురాల దీవి ఉన్నది. గుట్ట పావురాలు గూళ్ళు పెట్టుకునే రాతిదీవి అది. 2003 నుంచి జాతీయవనం. దాని చుట్టూ లోతు తక్కువ నీటిలో పగడాలున్నాయి. కళ్ళకు అద్దం, నోటికి గొట్టం తగిలించుకుని, చొక్కా మీద తేలుడు కవచం వేసుకుని ముఖం నీటిలో పెడితే చాలు, చిలకపచ్చ, పసుపు, ఊదా చేపలు గుంపులు గుంపులుగా కనబడతాయి. రెక్క కొసన నల్లమచ్చ ఉన్న చిన్న సొరచేపలు కూడా తిరుగుతాయి. అవి మనలను చూసి తప్పుకునే రకం. పగడం రాయి కాదు, ప్రాణి. దాని మీద కాలు పెడితే అది చస్తుంది, మన కాలూ కోసుకుంటుంది. పడవవాళ్ళు ఈ మాట చెబుతారు గాని మన జనం వినరు. మా పడవలో వచ్చిన పెద్దమనిషి ఒకరు పగడపు ముక్క జేబులో వేసుకోబోతే పడవవాడు "అయ్యా, వద్దు. ఇది వాళ్ళ ఇల్లు" అని తమిళంలో అన్నాడు. పెద్దమనిషికి తమిళం రాదు కాని అర్థమైంది. మెల్లగా నీళ్ళలో వదిలేశాడు. వేసవి నెలల్లో తెల్లవారుజామున ఇదే తీరం నుంచి తిమింగలాలను చూడటానికి పడవలు లోపలికి పోతాయి. నీలి తిమింగలం కనపడితే అదృష్టమే. కాని గంటల తరబడి పడవ ఊగుతుంది కనుక వాంతుల బాధ ఉన్నవారు ఆశ పెట్టుకోవద్దు.

ట్రింకోమలీ ఎన్నుకోవటానికి ఇంకొక కారణం, పెద్దవాళ్ళు. అష్టాదశ శక్తిపీఠాలలో మొదట చెప్పేది లంకలోని శాంకరీదేవినే. మనకు శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం - ఈ నాలుగూ చూసిన మా అమ్మకు ఆ అయిదోది తీరని కోరికగా ఉండేది. బీచి అంటే ముఖం తిప్పుకున్న మనిషి శాంకరీదేవి అనగానే సంచీ సర్దుకున్నది. కోణేశ్వరాలయం సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నిట్టనిలువు కొండ కొమ్మున ఉన్నది. ఏడో శతాబ్దపు నాయనారు జ్ఞానసంబంధరు కీర్తించిన స్థలం. పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువారు పాత గుడిని పడగొట్టి ఆ రాళ్ళతోనే కోట కట్టుకున్నారు. ఇప్పుడు గుడికి పోవాలంటే ఆ కోట వాకిలి లోంచే పోవాలి. దారిలో చుక్కల జింకలు చెట్ల కింద ఏ బెదురూ లేకుండా మేస్తూ ఉంటాయి. 1956లో మైక్ విల్సన్, ఆర్థర్ క్లార్క్ అనే ఇద్దరు మిత్రులు కొండ కింద సముద్రంలో మునిగి పాత గుడి స్తంభాలనూ శిల్పాలనూ చూశారు. ఈ క్లార్కే కథలు రాసిన క్లార్క్. కొండ అంచున నిలబడి మా అమ్మ చాలాసేపు కిందికి చూసి, "ఒరే నాయనా, ఈ నీళ్ళు ఎక్కడో చూసినట్లే ఉన్నాయిరా" అన్నది. చూసినవే మరి. అది మన బంగాళాఖాతమే. 1942 ఏప్రిలులో జపాను విమానాలు 5వ తేదీన కొలంబో మీద, 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద, 9న ఈ ట్రింకోమలీ రేవు మీద బాంబులు వేశాయి. ఒకే నీటి మీదుగా వచ్చిన ఒకే పీడ.

ప్రకృతి దృశ్యాల కోసం ప్రత్యేకంగా దూరం పోనక్కరలేదు. కొలంబో విమానాశ్రయం నుంచి ట్రింకోమలీ పోయే దారిలోనే సిగిరియ తగులుతుంది. అక్కడొక రాత్రి దిగటం మంచిది. చదునైన అడవి నడుమ రెండు వందల మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తున ఒకే ఒక శిల. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు దాని నెత్తిన నగరు కట్టాడు. మెట్లు 1,200 దాకా ఉన్నాయి. పొద్దున తలుపులు తెరవగానే ఎక్కాలి, పది దాటితే రాయి కాలుతుంది. ఎక్కలేనివారు కింద రాజుగారి జలోద్యానంలో చెట్టునీడన కూర్చోవచ్చు. అదీ తీసిపోయే దృశ్యమేమీ కాదు. సార్క్ దేశాలవారికి టిక్కెట్టులో తగ్గింపు ఉన్నది కనుక పాస్‌పోర్టు గదిలో వదలకండి. దగ్గరలోనే మిన్నేరియ చెరువు. ఎండలు ముదిరి చుట్టుపక్కల కుంటలు ఇంకిపోయాక, జూలై నుంచి సెప్టెంబరు వరకు, ఏనుగులు వందల సంఖ్యలో ఆ చెరువు ఒడ్డున గడ్డికి చేరుతాయి. మే నెలలో అంత గుంపు ఉండదు గాని కొన్నిటినైనా చూడవచ్చు.

కొండలకు వెళ్ళాలా వద్దా అన్నది ఆలోచించి తేల్చుకోవలసిన సంగతి. నువర ఎళియ 1,868 మీటర్ల ఎత్తున ఉన్న చలిప్రదేశం. తేయాకు తోటలు, జలపాతాలు అన్నీ నిజమే. అయితే జూన్ వచ్చేసరికి నైరుతి వాన అందుకుంటుంది. అదే కొండల తూర్పు వాలున ఉన్న ఎల్ల అప్పుడు పొడిగా ఉంటుంది. ఈ తేడా కళ్ళారా చూడాలంటే కొండ రైలెక్కాలి. పట్టిపొల స్టేషను దాటాక, దారిలోకెల్లా ఎత్తయిన చోట, ఒక సొరంగం వస్తుంది. వానకాలంలో సొరంగానికి ఇవతల మంచూ తుంపరా, అవతలికి రాగానే ఎండ! రెండు గాలుల సరిహద్దు అది. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపాను ఆ కొండలలో ఘోరంగా ప్రాణనష్టం చేసింది. రైలుమార్గం అనేక చోట్ల కొట్టుకుపోయింది. అందుచేత బయల్దేరేముందు ఏ భాగంలో రైలు నడుస్తున్నదో కనుక్కుని టిక్కెట్లు తీసుకోవాలి. కండి మీదుగా పోతే దంతధాతు మందిరం చూడవచ్చు. అక్కడి చివరి రాజుల తెలుగు బంధుత్వం పెద్ద కథ, మరొకసారి చెప్పుకుందాం.

వేసవిలో వెళ్ళేవారు రెండు పండుగలు గుర్తుంచుకోవాలి. ఏప్రిలు 13, 14 తేదీలు వాళ్ళ ఉగాది. ఆ వారంలో దుకాణాలు మూసి జనమంతా సొంతూళ్ళకు పోతారు. బస్సులలో చోటు దొరకదు. రెండోది వెసక్, అంటే మన వైశాఖ పూర్ణిమ. వెదురుబద్దలకు రంగు కాగితాలు అంటించి చేసిన లాంతర్లు ఊరూరా వెలుగుతాయి. దారిన పోయేవారందరినీ ఆపి అన్నం, పానకం పెట్టే దానశాలలు వెలుస్తాయి. మిగతా పూర్ణిమలూ సెలవులే. శాకాహారులకు తూర్పు తీరంలో ఇడ్లీ, దోసె, ఇడియాప్పం సులభంగా దొరుకుతాయి. కాని కొబ్బరి పచ్చడిలా కనిపించే పొల్ సంబోలులో ఎండుచేప పొడి కలపటం అక్కడి అలవాటు. అడిగి మరీ వేయించుకోవాలి. ప్రయాణానికి ముందే ఇంటర్‌నెట్టులో అనుమతి తీసుకోవటం అవసరం. ఆ రుసుముల నిబంధనలు తరచు మారుతూ ఉంటాయి కనుక ప్రభుత్వపు పేజీలోనే చూసుకోండి, మధ్యవర్తుల పేజీలో కాదు.

ఇక వేసవిలో వీలుపడక సంక్రాంతికి వెళ్ళేవారు పైన చెప్పినదంతా తిరగేసి చదువుకోవాలి. అప్పుడు తూర్పు మాట తలపెట్టవద్దు. బెంతొటలో ఒక పక్క నది, ఒక పక్క సముద్రం. పిల్లలకు నదిలో పడవ, పెద్దలకు ఒడ్డున నడక. ఉనవటునలో చిన్న వంపు, ఎదుట పగడపు దిబ్బ. తిమింగలాలకు మిరిస్స. హోర్టన్ మైదానంలో 'లోకాంతం' అనే లోయ అంచుకు ఆ నెలల్లో తెల్లవారుజామునే చేరితే అడుగు దాకా కనిపిస్తుంది. తొమ్మిది దాటితే మంచు మూసేస్తుంది. గాలే కోట ఏ నెలలో అయినా చూడతగినదే. పోర్చుగీసువారు మొదలుపెట్టగా డచ్చివారు కట్టిన ఆ బురుజుల మీద సూర్యాస్తమయవేళ ఊరంతా షికారు చేస్తుంది.

కొలంబో నుంచి గాలేకు రైలులోనే వెళ్ళండి. పట్టాలు చాలా దూరం సముద్రాన్ని ఒరుసుకుని పోతాయి. హిక్కడువ సమీపంలో పెరలియ అనే పల్లె వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ పల్లె దగ్గరే ఒక రైలు ఆగిపోయింది. మొదటి కెరటానికి భయపడ్డ ఊరివాళ్ళు రైలు పెట్టెలు గట్టివని వాటిలోకి ఎక్కారు. తరువాతి కెరటం రైలునే ఎత్తి పడవేసింది. 1,700 మందికి పైగా చనిపోయారు. ఆనాడు ఆ తీరంలో నీరు ఉన్నట్లుండి వెనక్కు పోయి సముద్రపు అడుగు బయటపడితే, చేపలూ గవ్వలూ ఏరుకోవటానికి జనం దిగారు. అలా నీరు వెనక్కు పోవటం ఎక్కడ చూసినా, అది లంక కానివ్వండి, మన భీమిలి కానివ్వండి, పిల్లలను చంకనెత్తుకుని మెరక వైపు పరుగెత్తాలి. పెరలియలో రోడ్డు పక్కనే స్మారకం ఉన్నది. రైలు ఇప్పుడూ అదే పట్టాల మీద పోతుంది. పోయేటప్పుడు సముద్రం కుడివైపున ఉంటుంది. ఆ వైపు కిటికీకి పోటీ ఎక్కువ, కనుక స్టేషనుకు కాస్త ముందే చేరండి.